ఎలుకకి దారి చూపింది మీ ఏసీ మెకానిక్కే!

ఎలుక మీ ఇంట్లోకి దొంగచాటుగా దూరలేదండీ. మనమే మనిషిని పిలిచి, డబ్బులిచ్చి, టీ కూడా ఇచ్చి దానికి దారి కొట్టించాం. ఎవరతను? ఏసీ బిగించినాయన!

పోయిన వీడియోలో "మందు బిళ్లలు మానండి, కన్నాలు మూయండి" అన్నానని కింద కొందరు ఉతికి ఆరేశారు. సరే, ఇవాళ ఇంకా గట్టిగా అంటా. మీకున్నది ఎలుకల బాధ కాదు, కన్నాల బాధ.

నమ్మరా? లేచెళ్లి చూడండి. ఏసీ రాగి గొట్టాలు గోడలోంచి బయటికెళ్లే చోట గొట్టాలన్నీ కలిపినా పిడికిలంత ఉండవు, కన్నమేమో కొబ్బరికాయ పట్టేంత! మిగతా ఖాళీలో ఏం కుక్కారు? పాత పేపరు! ఎలుకకి అది అడ్డా? పురిటికి పరుపు! చిట్టెలుకకి 6 మిల్లీమీటర్ల సందు చాలు, పెన్సిల్ దూరితే అదీ దూరుతుంది. పెద్ద ఎలుకకి బొటనవేలు పట్టేంత ఉంటే చాలు. మనం కొబ్బరికాయ పట్టేంత వదిలాం!

ఇంకో అనుమానం ఉంది నాకు. నా సొంత సిద్ధాంతం, నచ్చకపోతే నవ్వుకోండి. మన ఇళ్లలో మాడ్యులర్ కిచెన్ అనేది ఎలుకలకి కట్టించిన గేటెడ్ కమ్యూనిటీ. అరల కింద నాలుగంగుళాల ఖాళీ, ముందు ఒక పలక. లోపల చీకటి. పక్కన ఫ్రిజ్ వెచ్చదనం. సింకు పైపు దగ్గర నీటి చుక్క. పైనుంచి కందిపప్పు గింజలు. ఇంకేం కావాలి, వైఫై ఒక్కటే తక్కువ! మా అమ్మమ్మ వంటింట్లో గట్టు కింద రెండు బిందెలుండేవి, రోజూ చీపురు చివరిదాకా వెళ్లేది. మనమేమో మూడు లక్షలు పోసి చీపురు దూరని చోటు కట్టించుకున్నాం.

మందు బిళ్ల సంగతికొద్దాం. కొట్టాయన ఏమంటాడు? "తింటే దాహమేసి బయటికెళ్లి చస్తుంది సార్, మీకు కంపు రాదు." పచ్చి అబద్ధం! ఆ నీలం బిళ్లల్లో మామూలుగా ఉండేది బ్రోమాడియోలోన్. రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, అంతే. తిన్న ఎలుక నాలుగైదు రోజులు మామూలుగానే తిరిగి, నీరసం రాగానే తన గూట్లోకే పోయి పడుకుంటుంది. మా ఇంట్లో ఆ గూడు ఎక్కడో తెలుసా? హాల్లో ఫాల్స్ సీలింగ్ లోపల, సరిగ్గా సోఫా మీద. పెళ్లిచూపులకొచ్చినవాళ్లు కాఫీ సగంలో ఆపి లేచిపోయారు. మా చెల్లి ఇప్పటికీ దెప్పుతుంది.

ఇక పేస్టు. పసుపు భాస్వరం (ఎల్లో ఫాస్ఫరస్) కలిసిన ఎలుకల పేస్టు ఇంట్లో ఉంటే పిల్లలకి అందకుండా ఇవాళే వదిలించుకోండి. పొరపాటున కడుపులోకి పోతే కాలేయాన్ని దెబ్బతీస్తుంది, విరుగుడు లేదు. ఇందులో జోకుల్లేవు.

మన చెవికి వినపడని శబ్దంతో ఎలుకల్ని తరిమేస్తుందంటూ అమ్మే, ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ డబ్బా కొన్నారా? అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే 60కి పైగా తయారీదారులకీ అమ్మకందారులకీ హెచ్చరిక లేఖలు రాసింది, మీ మాటలకి రుజువేదని. మనమింకా ఆఫర్లో రెండు తెప్పించుకుంటున్నాం. జిగురు అట్టలా? మన దేశ జంతు సంక్షేమ మండలే వద్దంది. పొద్దున్నే అది బతికే గిలగిల్లాడుతుంటే తీసి పారేసే ధైర్యం మీకుందా? నాకు లేదు.

ముందు ఎవరొచ్చారో తెలుసుకోండి. పెంటికలు బియ్యపు గింజంత ఉంటే చిట్టెలుక. అరంగుళం ఉంటే పెద్దది. తోక ఒంటికంటే పొడుగుంటే అది పైపులు, కేబుళ్లు పట్టుకుని పైకెక్కే రకం. పెరట్లో మట్టి కుప్పగా తోడిపోస్తే పందికొక్కు. మూతి కోసుగా ఉండి, కీచుకీచుమంటూ గోడవారనే పరిగెత్తి, కంపు కొడితే చుంచు. పాపం అది ఎలుక జాతే కాదు, బొద్దింకల్ని తింటుంది. దాన్ని చంపి ఎలుకని చంపామనుకుంటున్నారు!

దారి తెలియాలంటే రాత్రి గోడవారన ముగ్గుపిండి పల్చగా చల్లండి. ఎలుక గది మధ్యలో నడవదు, గోడ పట్టుకునే పోతుంది. పొద్దున అడుగులు ఎక్కడ ఆగితే కన్నం అక్కడ. అందులో గిన్నెలు తోమే స్టీలు పీచు దట్టంగా కుక్కి, పైన సిమెంటు మెత్తండి. స్టెయిన్‌లెస్సే తీసుకోండి, మామూలుది తుప్పు పట్టి రాలిపోతుంది. బాత్రూం తూముకి జాలీ బిగించండి.

లోపల ఇప్పటికే ఉన్నదానికి బోను. మొదటిరోజే బిగించకండి! పెద్ద ఎలుకకి కొత్త వస్తువంటే అనుమానం. రెండు మూడు రోజులు తలుపు పడిపోకుండా తెరిచే ఉండేలా తాడుతో కట్టేసి, కాల్చిన కొబ్బరిముక్క పెట్టి ఊరుకోండి. తినడం మరిగాక అప్పుడు తాడు విప్పండి.

ఒక్క నిమిషం, చిన్న వార్త. మా పై ఫ్లాట్‌వాళ్లు నిన్న కొత్త ఏసీ పెట్టించుకున్నారు. ఇందాక బాల్కనీలోంచి తలెత్తి చూశా. కన్నంలో పేపరు. ఆదివారం అనుబంధం, రంగుల్లో! స్టీలు పీచు పట్టుకుని వాళ్లింటికే వెళ్తున్నా, తలుపు తీస్తారో లేదో చూడాలి.