మొదటి క్యారెక్టర్ షీట్ పెన్సిల్‌తోనే రాయండి

అందరికీ నమస్కారం. ఇవాళ నా ముందు మూడే వస్తువులున్నాయి. ఒక ఖాళీ క్యారెక్టర్ షీట్ (ఆటలో మన పాత్ర వివరాలు రాసుకునే కాగితం), ఒక పెన్సిల్, ఒక రబ్బరు. ల్యాప్‌టాప్ మూసేశాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడదామని వచ్చే కొత్తవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఈ కాగితం గురించే. "అన్నా, ఇన్ని గడులేంటి, చూస్తేనే టెన్షన్ వస్తోంది, యాప్‌లో చేసేసుకుంటే పోలా?" అంటారు. యాప్‌లో నాలుగు బటన్లు నొక్కితే షీట్ తయారైపోతుంది, నిజమే. కానీ మొదటి షీట్ మాత్రం చేత్తోనే రాయాలంటాను నేను. ఎందుకో, ఒక షీట్ మొత్తం మీ ముందే నింపుతూ చెబుతాను.

ఈ ఆట అసలు తెలియనివాళ్లకి రెండు ముక్కలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన ఈ ఆట 1974లో అమెరికాలో వచ్చింది. ఒకరు కథ నడిపిస్తారు, ఆయన్ని డంజన్ మాస్టర్ అంటారు, పొట్టిగా డీఎం. మిగిలినవాళ్లకి తలా ఒక పాత్ర. మన వైకుంఠపాళిలో పందెం ఎంత పడితే అంతే, నిచ్చెన వచ్చినా పాము వచ్చినా మన చేతుల్లో ఏమీ లేదు. ఇక్కడ ఇరవై ముఖాల పాచిక వేస్తాం, దాన్నే డీ20 అంటాం. పడిన అంకెకి మన పాత్రకున్న నేర్పుని కలుపుతాం. ఎంత కలపాలో చెప్పేది ఈ షీటే.

పెన్సిల్ పట్టుకునే ముందు మీ డీఎంని ఒక్క మాట అడగండి, ఆడేది 2014 రూల్సా, 2024 రూల్సా అని. పాత్ర తయారీలో తేడాలున్నాయి. 2014లో మీరు ఎంచుకున్న రేస్‌ని (పాత్ర ఏ జాతిదో) బట్టి పాత్ర బలం, తెలివి లాంటి వాటి స్కోర్లు పెరుగుతాయి, 2024లో బ్యాక్‌గ్రౌండ్‌ని (పాత్ర ఇంతకుముందు చేసిన పని) బట్టి పెరుగుతాయి. ఒకదాని షీట్ తీసుకుని ఇంకోదాని టేబుల్‌కి వెళ్తే మొదటి గంట సవరణలతోనే సరిపోతుంది. నేనివాళ 2014వి తీసుకుంటున్నాను. ఇప్పుడు నేను ఎంచుకునేవన్నీ ఆ ఎడిషన్‌కి ప్రచురణకర్తలు ఉచితంగా ఇచ్చిన బేసిక్ రూల్స్‌లోనే ఉన్నాయి. రూపాయి పెట్టకుండా మొదలుపెట్టొచ్చు.

షీట్‌లో అన్నిటికన్నా పైన పేరు గడి ఉంటుంది. దాన్ని వదిలేయండి. చాలామంది అక్కడే ఆగిపోయి, పేర్లు వెతుక్కుంటూ ఒక సాయంత్రం పోగొట్టుకుంటారు. ముందు ఒక్క వాక్యం అనుకోండి, ఈ మనిషి ఎవరు? నా వాక్యం ఇది. సైన్యంలో వంట చేసిన ఒక పొట్టి ఆవిడ, ఇప్పుడు తాళాలు తీస్తోంది.

అంతే. ఇందులోనే మూడు గడులు నిండిపోయాయి, చూడండి. పొట్టి ఆవిడ, అంటే రేస్ హాఫ్లింగ్. వీళ్లు మూడడుగుల ఎత్తుంటారు. వీళ్లలో లైట్‌ఫుట్ అనే రకం తీసుకున్నాను. తాళాలు తీస్తుంది, కాబట్టి క్లాస్, అంటే పాత్ర నైపుణ్యం, రోగ్ (దొంగచాటు పనుల్లో ఆరితేరినవాళ్లు). సైన్యంలో పనిచేసింది, కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ సోల్జర్. సోల్జర్ అనగానే కత్తి పట్టినవాడే కానక్కర్లేదు. ఆ బ్యాక్‌గ్రౌండ్‌లోనే వంటవాళ్లు, కమ్మరివాళ్లు లాంటి సహాయ సిబ్బందిగా ఉండే వీలు కూడా ఇచ్చారు. వంటావిడకి తాళాలతో ఏం పని అంటారా? సామాన్ల గది తాళంచెవి ఎప్పుడూ ఇంకొకరి నడుముకే వేలాడేది. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి, ఉప్పు మాత్రం తాళం వెనకాల ఉంది. అలా నేర్చుకుంది.

ఇప్పుడు అసలైన అంకెలు. స్ట్రెంగ్త్, డెక్స్టెరిటీ, కాన్‌స్టిట్యూషన్, ఇంటెలిజెన్స్, విజ్డమ్, కరిజ్మా, మొత్తం ఆరు. బలం, చురుకుదనం, ఒళ్లు తట్టుకునే శక్తి, తెలివి, గ్రహింపు, నలుగురిని ఆకట్టుకునే తీరు అనుకోండి. స్కోర్లు తెచ్చుకోవడానికి ఆరు ముఖాల పాచికలు నాలుగు వేసి, అన్నిటికన్నా తక్కువ పడినదాన్ని తీసేసి, మిగిలిన మూడు కలుపుకోవడం ఒక పద్ధతి. సరదాగానే ఉంటుంది. కానీ పక్కవాడికి 17లు పడి మీకు 9లు పడితే మొదటి ఆటే చేదుగా అనిపిస్తుంది. కొత్తవాళ్లు రూల్స్‌లో ఉన్న సిద్ధమైన ఆరు అంకెలే తీసుకోండి. 15, 14, 13, 12, 10, 8. వీటిని ఎక్కడ పెట్టాలన్నది మీ ఇష్టం.

రోగ్‌కి ప్రాణం డెక్స్టెరిటీ, అక్కడ 15. హాఫ్లింగ్ కాబట్టి దానికి 2 కలిసి 17 అయింది. కాన్‌స్టిట్యూషన్ 14. కరిజ్మాలో 13 పెట్టాను, లైట్‌ఫుట్ వల్ల 1 కలిసి 14. విజ్డమ్ 12, ఇంటెలిజెన్స్ 10. మిగిలిన 8 స్ట్రెంగ్త్‌కి.

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, కొత్తవాళ్లు తడబడేది ఈ చోటే. ప్రతి స్కోరుకీ షీట్ మీద రెండు అంకెలు రాస్తాం. 17 అన్నది స్కోరు. ఆటలో పాచికకి కలిపేది అది కాదు, దాన్నుంచి వచ్చే చిన్న అంకె. దాని పేరు మాడిఫైయర్. స్కోరులోంచి 10 తీసేయండి, మిగిలినదాన్ని సగం చేయండి, అర మిగిలితే దాని కింది అంకె తీసుకోండి. 17లోంచి 10 పోతే 7, సగం మూడున్నర, కాబట్టి +3. స్కోరు 10 అయినా 11 అయినా సున్నానే. 8కి −1. కరిజ్మాలో 13 ఎందుకు పెట్టానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. 13కి +1 వస్తుంది, ఒక్కటి కలిసి 14 అయ్యేసరికి +2 అయింది. నేనైతే మాడిఫైయర్‌ని పెద్ద గడిలో, స్కోరుని కింద చిన్న గుండ్రంలో రాస్తాను. ఆట మధ్యలో కంటికి ముందు కనపడాల్సింది మాడిఫైయరే కదా.

తర్వాత స్కిల్స్. ఒకటో లెవెల్‌లో ప్రొఫిషియెన్సీ బోనస్ +2. అంటే మీ పాత్ర నేర్చుకున్న పనులకి అదనంగా 2. సోల్జర్ వల్ల అథ్లెటిక్స్ (ఎక్కడం, ఈదడం లాంటివి), ఇంటిమిడేషన్ (బెదిరించడం) వచ్చాయి. రోగ్‌కి ఇంకో నాలుగు ఎంచుకోవచ్చు. స్టెల్త్ (కంటపడకుండా కదలడం), స్లైట్ ఆఫ్ హ్యాండ్ (చేతివాటం), డిసెప్షన్ (నమ్మించి మోసగించడం), పర్సెప్షన్ (చుట్టూ ఉన్నవి గమనించడం) తీసుకున్నాను. పైగా రోగ్‌కి ఎక్స్‌పర్టీజ్ అని ఒకటుంది, రెండు స్కిల్స్‌లో ఆ బోనస్ రెట్టింపవుతుంది. స్టెల్త్‌కి, పర్సెప్షన్‌కి ఇచ్చాను.

ఇప్పుడు స్టెల్త్ రాద్దాం. డెక్స్టెరిటీ 3, రెట్టింపైన బోనస్ 4, మొత్తం +7. మీ చేత్తో 3 వేసి, 4 కలిపి, 7 రాశారు. ఈ కూడిక కోసమే నేను ఇంతగా పట్టుబట్టేది.

మా టేబుల్‌కి ఒకసారి కొత్త కుర్రాడు వచ్చాడు, యాప్‌లో చేసిన షీట్ ప్రింట్ తీసుకుని. మంచి ఉత్సాహం మీదున్నాడు. మొదటి సీన్‌లోనే గోడ పక్కన కాపలావాడు. డీఎం "స్టెల్త్ వెయ్యి" అన్నారు. 9 పడింది. షీట్ చూశాడు. ఒక చోట 17, ఒక చోట +3, ఇంకో చోట +2, స్టెల్త్ పక్కన +7. "ఇవన్నీ కలపాలా?" అన్నాడు. +7లోనే +3 ఉందని అతనికి తెలియదు, తెలిసే దారి కూడా లేదు, అతను కలపలేదు కాబట్టి. మేం చెప్పాం. మళ్లీ కత్తి విసిరినప్పుడు అదే ప్రశ్న. మూడోసారి నుంచి అడగడం మానేసి షీట్ పక్కవాళ్ల వైపు జరిపి "మీరే చూడండి" అనడం మొదలుపెట్టాడు. ఆ రాత్రి అతని పాత్రని అతను కాక మేం ఆడాం. నాకు చాలా బాధేసింది. తర్వాతి వారం ఇద్దరం కూర్చుని అదే పాత్రని ఖాళీ షీట్ మీద మళ్లీ రాశాం. నలభై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

సరే, మన వంటావిడ దగ్గరికి వద్దాం. అథ్లెటిక్స్ నేర్చుకుంది, కానీ స్ట్రెంగ్త్ −1. రెండూ కలిపితే +1. సైన్యంతో పాటు గోడలెక్కడం, కాలువలు ఈదడం ఎలాగో నేర్చుకుంది, చేతుల్లో మాత్రం అంత బలం లేదు. ఇంటిమిడేషన్ చూడండి, కరిజ్మా 2, బోనస్ 2, మొత్తం +4. మూడడుగుల మనిషి గరిటె ఎత్తితే ఆరడుగుల సిపాయి లైన్‌లోకి వెళ్లి నిలబడతాడు. ఇదేదీ నేను ముందుగా అనుకున్నది కాదు, కూడికలు చేస్తుంటే బయటపడింది. అందుకే ఆ 8ని చూసి సిగ్గుపడొద్దు, ఎక్కడో మూలన పడేయొద్దు. 8 ఉన్న చోటే మీ పాత్రకి పక్కవాళ్ల సాయం కావాల్సి వస్తుంది.

పాసివ్ పర్సెప్షన్ అని ఒక చిన్న గడి ఉంది. 10కి పర్సెప్షన్ కలపాలి. విజ్డమ్ 1, రెట్టింపు బోనస్ 4, కాబట్టి 15. ఈ అంకెని డీఎంకి ముందే చెప్పేయండి, మీరు అడగకపోయినా మీ పాత్ర దేన్ని గమనిస్తుందో ఆయన దీన్నిబట్టే నిర్ణయిస్తారు.

మిగిలినవి త్వరగా అయిపోతాయి. రోగ్‌కి ఒకటో లెవెల్‌లో హిట్ పాయింట్స్ (ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె) 8, కాన్‌స్టిట్యూషన్ 2 కలిపితే 10. లెదర్ ఆర్మర్‌కి (తోలు కవచానికి) 11, డెక్స్టెరిటీ 3, ఆర్మర్ క్లాస్ (ఆమెకి దెబ్బ తగిలించడం ఎంత కష్టమో చెప్పే అంకె) 14. ఇనీషియేటివ్ (పోరులో ఎవరి వంతు ముందో తేల్చేది) +3. వేగం 25 అడుగులు, హాఫ్లింగ్‌లకి అంతే. షార్ట్‌సోర్డ్‌తో (పొట్టి కత్తితో) కొట్టడానికి డెక్స్టెరిటీ 3, బోనస్ 2 కలిపి +5, దెబ్బ ఒక ఆరు ముఖాల పాచిక, దానికి 3 కలపాలి. షార్ట్‌బోకీ (పొట్టి విల్లుకీ) అవే అంకెలు.

రెండు విషయాలు మాత్రం షీట్ అంచున పెద్ద అక్షరాలతో రాసుకోండి, ఆట వేడిలో ఇవే మర్చిపోతారు. ఒకటి, లక్కీ. హాఫ్లింగ్‌కి దాడిలో గానీ, చెక్‌లో (ఒక పని అవుతుందో లేదో తేల్చడానికి వేసేది) గానీ, సేవింగ్ త్రోలో (ప్రమాదం తప్పించుకోవడానికి వేసేది) గానీ డీ20 మీద 1 పడితే మళ్లీ వేసుకోవచ్చు. రెండోది, స్నీక్ అటాక్. శత్రువుకి ఐదడుగుల లోపు మీ తోటివాడు నిలబడి ఉంటే, ఒక్కో టర్న్‌కి (వంతుకి) ఒకసారి, దెబ్బకి ఇంకో ఆరు ముఖాల పాచిక కలుస్తుంది. డిసడ్వాంటేజ్ (డీ20 రెండుసార్లు వేసి తక్కువ అంకె తీసుకోవాల్సి రావడం) ఉంటే మాత్రం కుదరదు. నేను "తోటివాడు పక్కనుంటే +1 పాచిక" అని రాసుకున్నాను. రూల్ మొత్తం ఎత్తి రాయక్కర్లేదు, మీకు గుర్తొచ్చే మాటల్లో రాసుకోండి.

పాత్ర గతం గురించి పది పేజీలు రాసుకొచ్చేవాళ్లుంటారు. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ టేబుల్ మీద దాన్ని చదివే తీరిక ఎవరికీ ఉండదు. రెండు వాక్యాలు, బతికున్న ఒక మనిషి చాలు. నా షీట్‌లో ఇలా రాశాను. "ఎవరైనా ఆకలితో ఉంటే చూడలేని మనిషి. ఒక రాత్రి సామాన్ల గదిలో తనని పట్టుకుని కూడా ఎవరికీ చెప్పని కుర్ర సిపాయి ఇప్పుడు ఎక్కడున్నాడో వెతుకుతోంది." ఆ సిపాయి ఎవరో, ఏమయ్యాడో నేను తేల్చలేదు. అది డీఎం కోసం వదిలాను.

సోల్జర్ సామాన్లలో ఎముకతో చేసిన పాచికలు తీసుకోవచ్చు, తీసుకున్నాను. పది బంగారు నాణేలున్నాయి. తాళాలు తీసే పనిముట్లు రోగ్ వల్ల వచ్చాయి. నేను ఒక మసాలా డబ్బా కూడా అడిగాను, మా డీఎం ఇచ్చారు.

ఇప్పుడు పైకి వెళ్దాం, ఇందాక వదిలేసిన పేరు గడికి. ఇంతసేపు ఈమెతో ఉన్నాక వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. సిపాయిలు ఆమెని ఏమని పిలిచేవాళ్లో అనుకున్నాను, అంతే. చుక్కి. అదీ పెన్సిల్‌తోనే రాస్తున్నాను.