అమ్మమ్మ విన్న గ్రహణం, తమ్ముడు చూసిన గ్రహణం

[చెన్నై సైదాపేటలో ఒక మిద్దె. ఎండ. చేతిలో బూందీ గరిటె.]

నమస్కారం అండీ. ఈ గరిటెను నడుమెత్తున ఎండకు పట్టుకుంటే నేల మీద గుండ్రటి చుక్కలు పడుతున్నాయి, చూశారా? 2019 డిసెంబర్ 26న, సూర్యగ్రహణం నాడు, ఇదే మిద్దె మీద, ఇదే గరిటె పట్టుకున్నాను. పొద్దున తొమ్మిదిన్నర దాటేసరికి ఈ చుక్కలన్నీ నెలవంకలైపోయాయి. ఒకటీ రెండూ కాదు, గరిటెకు ఎన్ని చిల్లులో అన్ని నెలవంకలు! నేల మీద పడేది చిల్లు ఆకారం కాదండీ, సూర్యుడి బొమ్మ.

ఆ రోజు చెన్నైలో సూర్యుడు 80 శాతానికి పైగా మూసుకుపోయాడు. అయినా చీకటి పడలేదు. పక్కింటాయన కాసేపు నిలబడి, "ఇంతేనా?" అని దిగిపోయారు. అదే సమయానికి తిరుచ్చి నుంచి మా పిన్ని ఫోన్ చేసి, "ఉంగరంరా! నిప్పు ఉంగరం!" అని ఒకటే కేకలు.

ఇద్దరూ చూసింది ఒకే గ్రహణాన్ని. ఆ రోజు చంద్రుడు దూరంగా ఉండి, సూర్యుడి కన్నా కాస్త చిన్నగా కనిపించాడు. అందుకే సూర్యుడికి సరిగ్గా నడిమధ్యకు వచ్చిన చోట అంచు ఉంగరంలా మిగిలింది. ఆ దారి తిరుచ్చి, దిండిగల్ మీదుగా పోయింది. మనం పక్కన పడ్డాం.

మరి చీకటెందుకు పడలేదు? వెలుగు మెల్లమెల్లగా తగ్గుతుంటే కంటిపాప కూడా మెల్లగా పెద్దదై సర్దుకుంటుంది. సంపూర్ణ గ్రహణంలో సూర్యుడి చుట్టూ తెల్లటి ప్రభ కనిపిస్తుంది, దాన్ని కరోనా అంటారు. దాని వెలుగు సూర్యుడి వెలుగులో దాదాపు పది లక్షల వంతు. అంటే సూర్యుడు ఒక్క శాతం మిగిలినా, ఆ మిగిలిందే కరోనా కంటే పదివేల రెట్లు ఎక్కువ. 99 శాతం చూసినవాళ్లు దాదాపు అంతా చూసేశామనుకుంటారు. కాదండీ, అసలుది మొదలే కాలేదు.

[నుంగంబాక్కం. రాతి స్తంభం ఫొటో.]

1792 నాటి ఈ స్తంభం మద్రాసు అబ్జర్వేటరీది. దీని మీద తెలుగులో కూడా చెక్కారు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణానికి ఇక్కడి నుంచి అబ్జర్వేటరీ అధిపతి పోగ్సన్ మచిలీపట్నం వెళ్లారు, ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లారు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో నిలబడ్డారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటం, అంటే వాటి వెలుగును రంగులుగా విడదీసిన పట్టీ, ఎంత ప్రకాశంగా కనిపించిందంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడొచ్చని ఆయనకు తట్టింది. మర్నాడు చూశారు కూడా! ఆ గ్రహణంలో వర్ణపటంలో కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియం అనే వాయువు జాడగా తేలింది.

ఇప్పుడు మా అమ్మమ్మ సంగతి. 1980 ఫిబ్రవరి 16. ఊరు నల్గొండ. సంపూర్ణ గ్రహణం సరిగ్గా నెత్తి మీదుగా పోయింది. కానీ మా పిన్ని అప్పుడు కడుపులో ఉంది. అమ్మమ్మను గదిలో పెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టేశారు. మూడున్నర దాటాక బయట పిట్టలన్నీ ఒక్కసారిగా గోలగోలగా చింతచెట్టు మీదికి చేరాయట. ఆ తర్వాత చడీచప్పుడూ లేదు. కాసేపటికి కోడి కూసింది. అమ్మమ్మకు గ్రహణమంటే అదే, చెవులతో చూసింది. ఎవరో దుప్పటి కాస్త పక్కకు జరిపి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

2019లో అమ్మ ఆవకాయ జాడీ మీద గరిక వేసింది, నేనేమీ అనలేదు. పసుపునీళ్ల పళ్లెంలో సూర్యుణ్ణి చూస్తానంటే మాత్రం పళ్లెం తీయించాను. కంటి లోపలి రెటీనాకు నొప్పి తెలియదు, కాలినా ఆ క్షణంలో తెలీదు. ఎక్స్‌రే ఫిల్మూ వద్దు. గ్రహణం కోసం చేసిన కళ్లద్దాలుండాలి, లేదంటే ఈ గరిటెతో నేల మీద పడే బొమ్మ చూస్తే చాలు. 2031 మే 21న మధురైలో మళ్లీ ఉంగరం కనిపిస్తుంది, ఇప్పుడే రాసిపెట్టుకోండి.

[ఫోన్ తెర. అర్ధరాత్రి.]

2024లో ఉగాదికి ముందు రాత్రి. మనకు పన్నెండు దాటి పది నిమిషాలు, డాలస్‌లో మధ్యాహ్నం. తమ్ముడు వీడియో కాల్‌లో గడగడా మాట్లాడుతున్నవాడు ఒక్కసారిగా మాట ఆపేశాడు. తెర నల్లబడింది. చుట్టూ జనం అరుపులు. నాలుగు నిమిషాలకు కాస్త తక్కువ, అంతే. మళ్లీ వెలుగొచ్చేసరికి వాడి కళ్లు తడిసి ఉన్నాయి. "ఏం కనపడిందిరా?" అని నేనడిగితే జవాబు లేదు.

అమ్మమ్మ ఫోన్ లాక్కుని అడిగింది: "పిట్టలు చెట్టెక్కాయా నాయనా?"

"ఎక్కాయి అమ్మమ్మా."