భయానికి సూదేటి బాబూ?

వేదిక మీది పెద్దలకు, బీచ్ రోడ్డులో నడక ముగించుకుని నేరుగా ఇటే వచ్చిన మిత్రులకు నమస్కారం. నా గురించి పరిచయంలో చాలా చెప్పారు, సగం నమ్మితే చాలు.

పళ్ళ వైద్యంలో ఆక్యుపంక్చర్, అంటే ఒంటి మీద కొన్ని చోట్ల సన్నటి సూదులు గుచ్చే చైనా వైద్యం గురించి చెప్పమన్నారు. నేను మాత్రం ముందు భయం గురించి చెబుతాను. దవడ వాచి, లవంగ నూనెతో రాత్రంతా గడిపి, తెల్లారాక మన విశాఖ కేజీహెచ్ పెద్దాసుపత్రికో, వీధి చివర క్లినిక్‌కో పరుగెత్తేవాళ్ళను అడగండి. ‘డబ్బు లేక కాదండీ, భయమేసి ఆగాను’ అనేవాళ్ళే నాకు ఎక్కువ తగిలారు. చిన్న పుచ్చు రూట్ కెనాల్ దాకా ముదిరేది ఈ వాయిదాలతోనే.

గాజువాక నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. స్టీల్ ప్లాంటులో ఫర్నేస్ దగ్గర చేసి రిటైరైన మనిషి. కట్టుడు పళ్ళు కావాలి. అచ్చు తీసే ట్రే నోటి దగ్గరికి తెస్తే చాలు, డోకు. ‘నిప్పు కాడ నిలబడ్డాను గానీ బాబూ, ఇది నా వల్ల అవదు’ అని కుర్చీ దిగిపోయేవారు. అంతకుముందు ఎక్కడో ఒక డాక్టరు తల అదిమిపట్టి ట్రే పెట్టారట. కోపం రాదా మీకు? నాకు ఇప్పటికీ వస్తుంది.

సూది పెడదామన్నాను. ‘సూదంటే భయమని వస్తే భయానికి సూదేటి బాబూ?’ అన్నారు. నిజమే! అయితే ఇది మందెక్కించే సూది కాదు, వెంట్రుక కంటే కాస్త లావు, అంతే. కింది పెదవికీ గడ్డానికీ మధ్య గుంట ఉంటుంది చూశారా, అక్కడొకటి. మణికట్టు లోపలి మడతకు పైన మూడు వేళ్ళ దూరంలో ఇంకొకటి. కాసేపు మాట్లాడుతూ కూర్చున్నాం. ట్రే పెట్టాం. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ డోకు రాలేదు. మాట పని కూడా అందులో ఉంది, దాచను.

ఈ విద్యను మన దేశానికి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు డాక్టర్ బి.కె. బసు. 1938లో డాక్టర్ కోట్నిస్‌తో పాటు చైనా వెళ్ళిన వైద్య బృందంలో ఆయనా ఉన్నారు. కోట్నిస్ కథ మొదలెడితే టిఫిన్ చల్లారిపోతుంది, వదిలేద్దాం.

1977లో అమెరికాలో మేయర్, ప్రైస్, రఫీ అనే పరిశోధకులు పంటికి కరెంటు తగిలించి నొప్పి కొలిచారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సూది పెడితే నొప్పి తెలియడానికి ఎక్కువ కరెంటు కావాల్సి వచ్చింది. ఎండార్ఫిన్ల పనిని అడ్డుకునే నాలొక్సోన్ అనే మందిస్తే ఆ ఉపశమనం పోయింది. అంటే ఒంట్లోనే పుట్టి నొప్పి తగ్గించే ఆ ఎండార్ఫిన్లు పనిచేస్తున్నాయన్నమాట. తర్వాత అందరికీ అదే ఫలితం రాలేదు, అదీ చెప్పాలి. 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణులు పన్ను తీశాక వచ్చే నొప్పికి ఇది పనికొస్తుందన్నారు. 2007లో జర్మనీలో చెవికి పెట్టిన సూదులు పళ్ళ రోగుల టెన్షన్‌ను, ఆందోళన తగ్గించే మిడజోలాం మందుతో దాదాపు సమానంగా తగ్గించాయి.

ఇక నా అసలు గొడవ. ‘మత్తు ఇంజెక్షన్ లేకుండా పన్ను పీకుతాం’ అని ఫోన్లలో తిరిగే వీడియోలు చూసి నా దగ్గరికి వచ్చేవారున్నారు. వద్దండీ! 1943లో స్వీడన్‌లో తయారైన లిగ్నోకెయిన్ అనే మత్తుమందు మనల్ని ఎంత నరకం నుంచి తప్పించిందో పాతవాళ్ళను అడగండి. సూది దానికి తోడు మాత్రమే. చీము పడితే ఈ సూదితో తగ్గదు. గర్భిణులకు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న ఆ బిందువు వాడరు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు ముందే చెప్పాలి. ప్రతి మనిషికీ కొత్త సూది, కవరు మీ కళ్ళముందే చించాలి.

ఇక్కడ కుర్ర డెంటిస్టులు కొందరున్నారు. బాబూ, ‘కదలకు, నోరు తెరువు’ అనేముందు ‘దేనికి భయం?’ అని అడగండి. సూది నేర్చుకున్నా, నేర్చుకోకపోయినా ముందు అది చేయండి.

ప్రశ్నలుంటే అడగండి. ‘నా పన్ను ఒకసారి చూడండి’ అని మాత్రం ఎవరూ నోరు తెరవకండి, టార్చి తేలేదు.