పెళ్లి వీడియోలో మాట వెనకబడిందా? అవిడెమక్స్ రివ్యూ

నమస్తే అండి. ముందు ఈ క్లిప్ చూడండి. మా అమ్మానాన్నల పెళ్లి, తాళి కట్టే ఘట్టం. డోలు మీద కర్ర పడింది... దెబ్బ ఇప్పుడు వినిపించింది, గమనించారా? పాత వీహెచ్ఎస్ క్యాసెట్‌ను ఒక షాపులో ఫైల్‌గా మార్పిస్తే ఇలా వచ్చింది. మా తాతయ్య పెదాలు కదలడం ఆగాక కూడా ఆయన మాట వస్తూనే ఉంది. తాతయ్య ఇప్పుడు లేరు. ఆయన గొంతున్న వీడియో మాకు ఇదొక్కటే, అందుకే ఇలా వదిలేయబుద్ధి కాలేదు.

నేను వాడింది అవిడెమక్స్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. ఉచితంగా దొరుకుతుంది. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది.

దాన్ని తెరిచే ముందు బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ తీసేసి, కంప్యూటర్ స్పీకర్‌లోనే వినండి. చాలాసార్లు ఆలస్యం ఫైల్‌లో ఉండదు, ఆ ఇయర్‌ఫోన్స్‌లో ఉంటుంది. తర్వాత వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో వీడియో మొదట్లో ఒకచోట, చివర్లో ఒకచోట ఆపి చూడండి. అందులో జె, కె నొక్కితే ఒక్కో నొక్కుకు ఆడియో 50 మిల్లీసెకన్లు ఇటో అటో జరుగుతుంది. పెదాలు చూస్తూ లెక్కపెట్టడం కష్టం. డోలు దెబ్బ, కొబ్బరికాయ కొట్టడం, చప్పట్లు... ఇలాంటివి పట్టుకోండి. నాకు మొదట్లో ఆరు నొక్కులు పట్టాయి. అంటే 300 మిల్లీసెకన్లు. చివర్లోనూ అంతే. హమ్మయ్య, తేడా ఎక్కడా మారలేదు!

కానీ వీఎల్‌సీలో చేసిన మార్పు చూస్తున్నంతసేపే, ఫైల్‌లో సేవ్ కాదు. ఇక్కడే అవిడెమక్స్ నాకు బాగా నచ్చింది. ఎడమవైపు వీడియో, ఆడియో రెండూ కాపీ మీదే ఉంచండి. ఆడియో కింద షిఫ్ట్‌కి టిక్ పెట్టి అంకె వేయండి. ఆడియో ముందుకు రావాలంటే మైనస్, నాకైతే మైనస్ 300. సేవ్ చేసి డోలు దగ్గర ఒకసారి చూసుకోండి. కాపీ మోడ్‌లో వీడియోను మళ్లీ కొత్తగా తయారుచేయదు, ఉన్నది ఉన్నట్టే తీసుకుంటుంది కాబట్టి బొమ్మ నాణ్యత తగ్గదు, పని కూడా త్వరగా అయిపోతుంది.

మరీ సన్నగా సరిపోవాలని టెన్షన్ పడకండి. మన క్యాసెట్లు పాల్ అనే పాత టీవీ పద్ధతివి, సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 బొమ్మలు. ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు, అంతకంటే సన్నగా లెక్కపెట్టక్కర్లేదు. అనుమానంగా ఉంటే ధ్వనిని ఒక్క పిసరు వెనకే ఉంచండి. మెరుపు తర్వాత ఉరుము వినడం మనకు అలవాటే కదా, మాట ముందొచ్చి పెదవి తర్వాత కదిలితేనే చూడలేం.

మొదట్లో బాగుండి, పోనుపోను తేడా పెరిగే వీడియోకి మాత్రం ఈ షిఫ్ట్ పనికిరాదు. ఫోన్‌లో తీసినవైతే ఫ్రేమ్ రేటు మధ్యలో మారుతూ ఉంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేశాక మాట జారిపోవడానికి చాలాసార్లు కారణం అదే. అలాంటి వీడియోను ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ పెట్టి మార్చి, ఆ తర్వాత ఎడిట్ చేయండి. క్యాసెట్ నుంచి మార్చేటప్పుడు మధ్యలో ఫ్రేములు పోయి ఉంటే ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా ముక్కముక్కగా సరిచేయాల్సిందే. వీలైతే ఆ క్యాసెట్‌ను మళ్లీ ఫైల్‌గా మార్పించుకోండి. అందుకే చెబుతున్నా, ఫైల్ చేతికొచ్చింది కదా అని క్యాసెట్ పారేయకండి.

ఇదిగో, సరిచేసిన క్లిప్. కర్ర మీదే చూపు పెట్టండి.