వీలునామా మీరే చదివి వినిపించండి

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ అధ్యక్షులవారు చెప్పేశారు కాబట్టి మళ్లీ చెప్పను. ఈ పెన్షనర్ల సమావేశంలో నన్ను ‘వృద్ధాప్యంలో మనశ్శాంతి’ గురించి మాట్లాడమన్నారు. నడక గురించి, ధ్యానం గురించి చెప్పేవాళ్లు మన గుంటూరులో చాలామంది ఉన్నారు. నేను వీలునామా గురించి మాట్లాడతాను.

మా నాన్న పెద్దకర్మ రోజు భోజనాలయ్యి విస్తళ్లు తీస్తుండగా మా తమ్ముడు బీరువాలోంచి ఒక కవరు తెచ్చాడు, అందులో నాన్న పేరిట వీలునామా. ఇల్లూ, తెనాలి వైపున్న పొలమూ రెండూ తనకే. ఆడపిల్లలకు పసుపు కుంకుమల కింద ఇవ్వాల్సింది ఇచ్చేశాను, వాళ్లకు ఏ హక్కూ లేదు అని ఒక్క వాక్యం. కింద వేలిముద్ర.

వేలిముద్ర! మా నాన్న పాల లెక్క పుస్తకంలో కూడా ఇంటిపేరుతో సహా సంతకం పెట్టేవారు. చివర ఒక గీత లాగి దాని కింద రెండు చుక్కలు పెడితే గానీ పెన్ను మూసేవారు కాదు. పోవడానికి ముందు నెల బ్యాంకులో డబ్బు తీసినప్పుడు కూడా అదే సంతకం, అవే రెండు చుక్కలు. తోడు వెళ్లింది నేనే. మంచాన పడ్డాక ఆయనకు అన్నీ ఎత్తిపోసింది మా అక్క. ఆస్తి సంగతి తను ఒక్కమాట అడగలేదు. “నాన్న చెయ్యి బాగానే ఉందిగా?” అంది, అంతే.

వేలిముద్ర చెల్లదని కాదు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ వీలునామా మీద అనుమానాలుంటే వాటిని తీర్చాల్సింది దాన్ని తెచ్చినవాళ్లేనని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. ఆ అనుమానం తీరక కోర్టుకెళ్లాం. సాక్షుల్లో ఒకాయన పోయారు. రెండో ఆయన గుర్తులేదంటున్నారు. వాయిదాల మీద వాయిదాలు. సంక్రాంతికి కూడా ఒకరి గడప ఒకరు తొక్కడం లేదు.

2014 తర్వాత రాజధాని ఇటే అనగానే మన చుట్టుపక్కల పొలాల ధరలు ఎగిరాయి. అప్పటిదాకా ‘అన్నయ్యే చేసుకోనీలే’ అనుకున్న ఆడపిల్లలు కూడా సర్వే నంబర్లు అడగడం మొదలుపెట్టారు. వాళ్లకు ఆశ పుట్టిందన్నారు. ఆశ ఎందుకవుతుందండీ? వీలునామా లేకుండా తండ్రి పోతే ఆయన స్వార్జితంలో భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమాన వాటా అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమాన హక్కు 1986లో మన రాష్ట్రం ఇచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లకు తప్ప. 2005లో ఆ హక్కు దేశమంతటా వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికుండాల్సిన పని కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్లిలో పెట్టిన బంగారంతో ఆ హక్కు పోదు.

ఇక్కడ కూర్చున్న అన్నయ్యగార్లను అడుగుతున్నాను. మీ దస్తావేజులు ఏ అరలో ఉన్నాయో మీ ఇంట్లో ఆవిడకు తెలుసా? బ్యాంకులో నామినీగా పెట్టిన కొడుకు డబ్బు తీసుకోగలడే గానీ, అది మొత్తం అతనిదైపోదు. ఆ సంగతి మిగతా పిల్లలకు చెప్పారా?

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయించండి. సాక్షులు మీకంటే చిన్నవాళ్లయితే మేలు. ఎక్కువ వాటా ఇస్తున్న బిడ్డ చేత మాత్రం రాయించకండి, ఆ బిడ్డను వెంటబెట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లకండి. ఆ తర్వాత పిల్లలందరినీ ఒక ఆదివారం పిలిచి మీరే చదివి వినిపించండి. కోపాలొస్తాయి, రానివ్వండి. ఎవరికెంత ఎందుకిచ్చారో చెప్పడానికి అప్పుడు మీరుంటారు. మనసు మారితే మళ్లీ రాసుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది.

కాఫీ తర్వాత నేను ఆ వెనక బల్ల దగ్గరే ఉంటాను. మా వకీలు గారు కూడా వచ్చారు, ఫీజు తీసుకోరు. అడగాల్సినవాళ్లు రండి. పిల్లల్ని తీసుకురాకుండా ఒక్కరే రండి.