పన్ను వేస్తే పారిపోతారా?

అందరికీ నమస్కారం. విశాఖ బీచ్ రోడ్డులో గాలి పీల్చుకోవాల్సిన సాయంత్రం పన్నుల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే, అది నా గొప్ప కాదు, ఈ హాల్లో ఏసీ గొప్ప.

డబ్బున్నవాళ్ల మీద పన్ను పెంచితే దేశం వదిలి పోతారా అన్నది నాకిచ్చిన అంశం. నేను ఆర్థికవేత్తను కాను. ఇన్‌కంటాక్స్ రిటర్నులు వేసుకుని బతికేవాణ్ని. అందుకని మా ఆఫీసు బల్ల మీద నుంచే మొదలుపెడతాను.

ఫిబ్రవరి వచ్చిందంటే మా దగ్గర ఒక తంతు ఉంటుంది. గల్ఫ్‌లో వ్యాపారం ఉన్న పెద్దమనిషి పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పెడతాడు. మా అసిస్టెంటు ఒక్కొక్క ఇమిగ్రేషన్ స్టాంపు చూసి దిగిన తేదీ, ఎక్కిన తేదీ చదువుతుంటే నేను పెన్సిల్‌తో రాసుకుంటాను. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంటు లెక్కలోకి వస్తాడు. అప్పుడు బయట సంపాదించిన దాని మీదా ఇక్కడ పన్ను పడొచ్చు. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవారికి 2020లో ఆ 182ని కొన్ని షరతులతో 120కి దించారు. స్టాంపు సిరా అలుక్కుపోయి తేదీ కనిపించకపోతే ఆయనకు బీపీ, నాకు టెన్షన్.

ఇంతా చేసి ఆయన ఇల్లు ఎంవీపీ కాలనీలోనే ఉంది. పిల్లలు ఇక్కడే చదువుతున్నారు. చందనోత్సవం నాటికి సింహాచలంలో ఉండకపోతే ఆయనకు ఆ ఏడాది గడవదు. ఆ పెద్దమనిషి ఊరు వదిలి పోయినట్టా? నన్నడిగితే పోలేదు. విమానం టికెట్లు సర్దుకున్నాడంతే. పన్నుకు కదిలేది చాలావరకు ఇలాంటి కదలికే.

మరి నిజంగా పోయినవాళ్లు? ఈ హాల్లో కొడుకో కూతురో అమెరికాలో ఉన్నవాళ్లు చేతులెత్తమంటే సగం చేతులు లేస్తాయి. వాళ్లు ఏ వయసులో వెళ్లారు? ఇరవై రెండు, ఇరవై మూడు. చేతిలో ఎడ్యుకేషన్ లోన్ తప్ప ఇంకేమీ లేదు. కట్టాల్సిన పన్నే లేనివాడు పన్నుకు భయపడి ఎలా పారిపోతాడండీ? పైగా వెళ్లిందెక్కడికి? కాలిఫోర్నియాలో పెద్ద ఆదాయాల పైభాగం మీద కేంద్రానికి 37 శాతం, రాష్ట్రానికి 13.3 శాతం. రెండూ కలిపితే 50 దాటింది. మన దగ్గర కొత్త పన్ను విధానంలో ఎంత కోటీశ్వరుడికైనా సర్‌చార్జి, సెస్సు అన్నీ కలిపి 39 శాతం దాటదు. డాలస్‌లో బంధువులున్నవాళ్లు నవ్వుతున్నారు, నాకు కనిపిస్తోంది. నిజమే, టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కానీ మనవాళ్లు న్యూజెర్సీలోనూ నిండిపోయారు కదా, అక్కడ రాష్ట్ర పన్ను 10.75 శాతం దాకా ఉంది.

పౌరసత్వం లెక్కలు కూడా ఈ వాదనలోకి లాగుతుంటారు. 2023లో 2,16,219 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. ఆ అంకె టీవీలో వేసి, చూశారా, పన్నుల దెబ్బకు పోతున్నారు అంటారు. మన చట్టంలో పన్ను ప్రధానంగా నువ్వెక్కడ ఉంటున్నావన్న దాన్ని బట్టి పడుతుంది. పాస్‌పోర్టు వదిలేసినంత మాత్రాన పైసా మిగలదు. రెండు పౌరసత్వాలు మన దేశం ఒప్పుకోదు గనక, అక్కడిది తీసుకున్నవాడు ఇక్కడిది వదులుకోక తప్పదు. అసలు తమాషా ఏమిటంటే, తన పౌరుడు భూమ్మీద ఎక్కడున్నా ఆదాయం లెక్క చెప్పమనే దేశం అమెరికా. ఆ పౌరసత్వం వదిలేస్తానంటే, ఆస్తి బాగా ఉన్నవాడు పోయేముందు పన్ను కట్టి పొమ్మంటుంది. అంటే మనవాడు పన్ను వల తప్పించుకోలేదు, ఇంకా పెద్ద వలలోకి దూకాడు.

ఏటా ఎంతమంది మిలియనీర్లు దేశం దాటుతున్నారో అంచనాలు వేసి ప్రకటించే హెన్లీ అండ్ పార్ట్‌నర్స్ అనే సంస్థ ఉంది. పెట్టుబడి పెట్టినవారికి వేరే దేశంలో నివాసం, పౌరసత్వం ఇప్పించడంలో సలహాలివ్వడమే వాళ్ల వ్యాపారం. ఆ అంకెల్ని నేనైతే కాస్త అనుమానంగానే చూస్తాను.

పన్ను రికార్డులే పట్టుకుని లెక్కకట్టినవాళ్లూ ఉన్నారు. క్రిస్టబాల్ యంగ్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆయన సహచరులు అమెరికాలో మిలియన్ డాలర్లకు పైన ఆదాయం చూపినవాళ్ల రికార్డులు పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఏడాదిలో రాష్ట్రం మారేది సాధారణ జనంలో 2.9 శాతమైతే, మిలియనీర్లలో 2.4 శాతమే. డబ్బున్నవాడి వ్యాపారం, పరిచయాలు, పిల్లల బడి అన్నీ ఉన్న ఊళ్లోనే పాతుకుపోయి ఉంటాయి. కదిలేది ఎక్కువగా లేనివాడే. అమెరికా దాకా ఎందుకు, శ్రీకాకుళం తీరం నుంచి మత్స్యకారులు వేట పనికి గుజరాత్‌లోని వెరావల్‌కు పోతున్నారు. 2018లో అలా వెళ్లిన మనవాళ్లు పాకిస్తాన్ చేతికి చిక్కి కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉన్నారు. వాళ్ల వలస మీద ఏ టీవీ చర్చా ఇంత వేడిగా జరగలేదు.

అలాగని ఎవరూ పోరని నేననను. 2022లో నార్వే సంపద పన్ను, అంటే ఆదాయం మీద కాక ఉన్న ఆస్తి మీద వేసే పన్ను, పెంచింది. అక్కడి పెద్ద ధనవంతుల్లో ఒకడైన షెల్ ఇంగె రొక్కె అదే ఏడు స్విట్జర్లాండ్‌కు మారిపోయాడు. ఐకియా స్థాపకుడు ఇంగ్వార్ కాంప్రాడ్ 1970లలోనే స్వీడన్ వదిలి వెళ్లి, నాలుగు దశాబ్దాల తర్వాత గానీ తిరిగి రాలేదు. బాగా జీతమొచ్చే విదేశీయులకు డెన్మార్క్ కొన్నేళ్లపాటు పన్ను తగ్గిస్తే, అలా వచ్చేవాళ్ల సంఖ్య దాదాపు రెట్టింపైంది. ఎక్కడ దిగాలో ఇంకా తేల్చుకోనివాడు పన్ను చూస్తాడు. ఒకచోట స్థిరపడ్డవాడు అంతగా చూడడు. నా లెక్కలో ఇదే అసలు తేడా.

ఇప్పుడు మన సంగతి. 1973–74లో మన దగ్గర ఆదాయపు పన్ను పై శ్లాబు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. నూటికి రెండు రూపాయల పావలా మిగిలేది! ఆ కాలంలోనే ఆంధ్రా మెడికల్ కాలేజీ నుంచి డాక్టర్లు వరసగా అమెరికా విమానమెక్కారు. వాళ్లలో ఎవరూ ఆ శ్లాబు దరిదాపుల్లో లేరు. 1965లో అమెరికా వలస చట్టం మారి తలుపు తెరుచుకుంది, వెళ్లారు.

సంపద పన్ను 1957లో వచ్చింది, కాల్డర్ అనే ఆర్థికవేత్త సలహా మీద. 2015 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ తీసేశారు. దేశం మొత్తం మీద 2013–14లో వసూలైంది 1,008 కోట్లు. ఇన్ని బంగళాలు, ఇన్ని కంపెనీలున్న దేశంలో అంతేనా? అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ! రొయ్యలు దేశం దాటి పోలేదు. 1990లలో చట్టాన్ని సవరించి షేర్లను పన్ను నుంచి తప్పించారు. మిగిలినవి నగలు, కార్లు, ఖాళీ స్థలాలు, రెండో ఇల్లు లాంటివి. పెద్ద ధనవంతుడి ఆస్తంతా షేర్లలో ఉంటుంది. బంగారం, స్థలం దాచుకునేది మధ్యతరగతికి కాస్త పైనున్నవాడు. పన్ను కాస్తా వాడి మెడకు చుట్టుకుంది. నేనే అలాంటివాళ్లకు రిటర్నులు వేశాను, అమ్మమ్మ వడ్డాణం విలువ కట్టించి మరీ.

కాబట్టి పోతారా పోరా అన్న చర్చ కన్నా, దేని మీద వేస్తున్నామన్నది నాకు ముఖ్యం. బీచ్ రోడ్డులో స్థలం దుబాయ్‌కి పోదు. 2021 నుంచి మన రాష్ట్రంలో పట్టణ ఆస్తి పన్నును అద్దె విలువ మీద కాక, ఆస్తి మూలధన విలువ, అంటే దాని ధర మీద వేస్తున్నారు. ఈ పద్ధతి నాకు తప్పుగా అనిపించదు. అయితే రిటైరై అదే ఇంట్లో ఉంటున్న టీచరుకూ, ఆరు ఫ్లాట్లు అద్దెకిచ్చినవాడికీ విలువను బట్టి ఒకే లెక్క వేస్తే టీచరు గొడవ చేయడం న్యాయమే.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. మీ జీతం స్లిప్పులో వృత్తి పన్ను కింద నెలకు 200 కోస్తారు. మన రాష్ట్రంలో 20 వేలు దాటిన ఏ జీతానికైనా అంతే, 21 వేలకూ అంతే, నెలకు 20 లక్షలకూ అంతే. ఏడాదికి 2,500 మించి ఏ రాష్ట్రమూ ఈ పన్ను వేయకూడదని రాజ్యాంగం 276వ అధికరణలో ఉంది. ఆ పరిమితి 1988లో పెట్టింది. ఆనాటి జీతాలేమిటి, ఈనాటి జీతాలేమిటి? దాన్ని పెంచాలంటే రాజ్యాంగ సవరణ కావాలి. పెద్ద జీతాల మీద ఇంకాస్త వేస్తే ఋషికొండ ఐటీ కొండ మీద నుంచి ఎవరూ పెట్టె సర్దుకుని పోరని నా నమ్మకం. ఆ డబ్బు రాష్ట్రానికే వస్తుంది కూడా.

మైకు ఇటు పంపండి. మూడో వరుసలో ఆడిటర్ గారు చాలాసేపటి నుంచి తల అడ్డంగా ఊపుతున్నారు. ముందు ఆయన అడగనివ్వండి.