గోమార్లు కుక్క మీద కన్నా గోడలోనే ఎక్కువ

అందరికీ నమస్కారం. ఇదిగో, నా పక్కన పడుకున్నది మా కుక్క బుజ్జి. నాలుగేళ్ల కిందట వానాకాలంలో మా వీధి చివర దొరికింది. తెచ్చిన రోజు నుంచీ దాని చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో గోమార్లే. మీలో కొందరు పిడుదులు అంటారు. రక్తం తాగి ఉబ్బితే అచ్చం ఆముదం గింజలా ఉంటాయి. ఆముదానికి శాస్త్రంలో పెట్టిన పేరు రిసినస్, లాటిన్‌లో ఆ మాటకి అర్థమే గోమారి!

మందులు వద్దు, అంతా సహజంగానే చేద్దాం అనుకున్నాను. ప్రతి ఆదివారం వేపనూనె రాసేదాన్ని. రెండు రోజులు తగ్గేవి, మళ్లీ పట్టేవి. ఒక వారం బుజ్జి అన్నం ముట్టడం మానేసింది. పిలిస్తే తోక మాత్రం ఊపుతుంది, లేవదు. పశువుల డాక్టరుగారు దాని కనురెప్ప కిందికి లాగి చూపించారు. గులాబీ రంగులో ఉండాల్సిన చోట తెల్లగా పాలిపోయి ఉంది. రక్తపరీక్షలో ఎర్లీషియా అని తేలింది. గోమార్లు కుట్టినప్పుడు వాటి లాలాజలంతో రక్తంలోకి వచ్చే జబ్బు అది. 28 రోజులు డాక్సీసైక్లిన్ అనే మందు వాడాం. ఆ 28 రోజులూ నాకు నిద్ర లేదు. బుజ్జి కోలుకుంది.

అప్పుడు డాక్టరుగారు ఒక్క మాట అడిగారు. "కుక్కని చూస్తున్నారు సరే, అది పడుకునే చోటు చూశారా?"

ఇంటికొచ్చి మెట్ల కింద టార్చి వేసి చూశాను. కింద, గోనెపట్టా మీద పెద్దగా ఏమీ లేవు. తల పైకెత్తితే, నా తల ఎత్తులో గోడ బీటలో వరసగా ఉన్నాయి. స్విచ్‌బోర్డు వెనక ఇంకొన్ని. మన ఇళ్లలో కుక్కలకి పట్టేది ఎక్కువగా గోధుమరంగు గోమారి. అది కుక్క మీంచి దిగిపోయాక గోడ ఎక్కి, సందులు వెతుక్కుంటుంది. నేను అన్నాళ్లూ కిందే వెతికాను.

దాని బతుకు ఎలా సాగుతుందో తెలిస్తే పని సగం అయినట్టే. గుడ్డులోంచి ఆరు కాళ్ల చిన్న పిల్ల వస్తుంది. కుక్కనెక్కి రక్తం తాగి దిగిపోతుంది. కుబుసం విడిచి ఎనిమిది కాళ్లతో మళ్లీ ఎక్కుతుంది, తాగుతుంది, దిగుతుంది. పెద్దదయ్యాక మూడోసారి ఎక్కుతుంది. ఆడది కడుపునిండా తాగి, దిగి, ఏదో బీటలో దూరి వేలల్లో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. అంటే దాని జీవితంలో ఎక్కువ కాలం మీ గోడలోనే గడుస్తుంది. తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతుంది. కుక్క ఒంటికి ఏం రాసినా గోడలో ఉన్నవాటికి తగలదు కదా.

కాబట్టి సహజ పద్ధతులకి అసలు బలం ఇంటి శుభ్రంలోనే ఉందని నా నమ్మకం. మేం ఏం చేశామంటే, ఆ గోనెపట్టా తగలబెట్టాం. బుజ్జిని వేరే గదిలో ఉంచి, స్విచ్‌బోర్డు జోలికి పోకుండా, మిగతా బీటల్లో మరిగే నీళ్లు పోశాం. ఆరాక బీటలన్నీ సిమెంటుతో పూడ్చి, పైన సున్నం వేయించాం. స్విచ్‌బోర్డు పని మాత్రం కరెంటు ఆపించి ఎలక్ట్రీషియన్‌తో చేయించాం. పడకకి పాత కాటన్ దుప్పట్లు రెండు పెట్టుకున్నాం. వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతికి, మిట్టమధ్యాహ్నం ఎండలో వేస్తాం. ఒక్కసారి చేసి వదిలేస్తే లాభం లేదు. మిగిలిన గుడ్లు తర్వాత పిల్లలవుతాయి. మేం మూడు నెలలు పట్టు వదలకుండా చేశాం.

ఇంక రోజూ సాయంత్రం చేత్తో తడిమి చూడడం. చెవి లోపల, మెడపట్టీ కింద, చంకల్లో, తోక కింద, వేళ్ల మధ్య. దొరికితే ప్లక్కర్‌తో చర్మానికి బాగా దగ్గరగా పట్టుకుని, తిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. అగ్గిపుల్లతో కాల్చొద్దు. గోటితో నలపొద్దు, రాయితో చితక్కొట్టొద్దు. దాని లోపలి క్రిములు మనకీ జ్వరం తెప్పించగలవు. మామూలు నీళ్లలో వేస్తే చావదు, సబ్బునీళ్లలోనో స్పిరిట్‌లోనో వేయండి. ఆ తర్వాత చేతులు కడుక్కోండి.

మరి వేపనూనె? నేను ఇప్పటికీ వాడతాను. దాని వాసన గోమార్లకి పడదు, వాటి ఎదుగుదలని కొంత అడ్డుకుంటుంది. కానీ కరిచి పట్టుకున్నదాన్ని అది చంపుతుందని అనుకోవద్దు. ఒక చెంచా వేపనూనెకి పది చెంచాల కొబ్బరినూనె కలపండి. ముందు కొంచెం చోట రాసి ఒక రోజు చూడండి. ఎర్రబడితే ఆపేయండి. నాకనివ్వొద్దు, చిన్న కుక్కపిల్లలకి, పిల్లులకి రాయొద్దు.

ఇప్పుడు దయచేసి జాగ్రత్తగా వినండి. సహజమైనవన్నీ మంచివి కావు. వెల్లుల్లి తినిపిస్తే గోమార్లు రావని చెప్తారు. వెల్లుల్లి, ఉల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలని దెబ్బతీస్తాయి. ముందే రక్తం తగ్గిన కుక్కకి అది ఇంకా ప్రమాదం. కర్పూరం నూనె ఒంట్లోకి వెళ్తే ఫిట్స్ రావచ్చు. పొగాకు కషాయంలో ఉండే నికోటిన్ విషం. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కన్ను పాడవుతుంది. కిరోసిన్ సంగతి చెప్పక్కర్లేదు, చర్మం కాలుతుంది, నాకితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. నేను వేపనూనె దగ్గరే ఆగాను కాబట్టి సరిపోయింది. ఎంతోమంది ప్రేమతోనే ఇవన్నీ వాడేస్తున్నారు.

గోమార్లు బాగా పట్టేసినప్పుడు డాక్టర్ ఇచ్చే మాత్ర వేయించండి. అందులో తప్పేమీ లేదు. నోటితో వేసే కొత్త రకం మాత్రలు కుక్కనెక్కిన గోమార్లని చంపుతాయి. మీ కుక్కకి ఇదివరకు ఫిట్స్ వచ్చి ఉంటే ఆ సంగతి ముందే డాక్టరుకి చెప్పండి. పశువుల మీద కొట్టే మందు మాత్రం మీ అంచనాతో కలిపి పూయొద్దు.

ఈ సాయంత్రమే మీ కుక్క పెదవి పైకెత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉంటే సరే. తెల్లగా ఉన్నా, ముక్కులోంచి రక్తం కారినా, మూత్రం ఎర్రగానో కాఫీ రంగులోనో వచ్చినా, జ్వరంతో తిండి మానేసినా తెల్లారేదాకా ఆగొద్దు, అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.